గాలికి వీపు పెట్టిన గూడు

నేర్బ్యో, 1987 మే 4

అత్తయ్యా,

కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అమ్మాయి రాగ్నా వాళ్ళ మూడో అంతస్తు మెట్లకి మీ మోకాలు ఈపాటికి అలవాటు పడిందా?

ఇప్పుడు ఈ ఉత్తరమేమిటా అని మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. తోర్లైవూ నేనూ విడిపోయాక క్రిస్మస్‌కి మీరొక కార్డు, నేనొక కార్డు, అంతే కదా మన మధ్య నడిచినది. కానీ వచ్చిపడిన పని అలాంటిది. మిమ్మల్ని తప్ప ఇంకెవర్నీ అడగలేను.

మొన్న గురువారం సెలూన్‌కి ఒక రైతు వచ్చాడు. మెడ వెనక వెంట్రుకలు గీస్తుంటే, "నీ ఇంటికి పెరడుందా?" అన్నాడు. ఉందన్నాను. "కోడిపిల్లలు కావాలా?" అన్నాడు. చేతిలో కత్తి ఉన్నప్పుడు ఎవరేమడిగినా ఆఁ అనడం నాకు అలవాటు, వాదనలో పడితే చెవి తెగుతుందని భయం. సాయంత్రం ఒక అట్టపెట్టె తెచ్చి కుర్చీలో పెట్టి, "అన్నీ పెట్టలే, పుంజు ఒక్కటి కూడా లేదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. మూత తీస్తే మన జేరెన్ సీమ జాతి కోడిపిల్లలు ఏడు, ఏడూ నా మొహం వంకే చూస్తున్నాయి.

ఇప్పుడవి స్నానాలగదిలో ఉన్నాయి. సెలూన్‌కి వచ్చేవాళ్ళు తలా ఒక సలహా ఇస్తున్నారు. ఓట్స్ ఉడకబెట్టి పెట్టమని ఒకావిడ, పచ్చివే పెట్టమని ఒకావిడ. దీపం రాత్రంతా ఉంచమని ఒకరు, ఉంచితే గుడ్డివవుతాయని ఇంకొకరు. మీరు నలభై ఏళ్ళు కోళ్ళు పెంచారు. వాటిని వదిలి బెర్గెన్‌లో ఉండడం మీకూ బెంగగానే ఉంటుంది, ఇలా రాస్తే కాస్త సంతోషిస్తారేమో అని కూడా అనిపించింది.

గూడు నేనే కడతాను. నవ్వకండి.

మీ సున్నివ

●

బెర్గెన్, మే 9

సున్నివా,

వాన. నేను వచ్చినప్పటినుంచీ ఇక్కడ వేరే సంగతి లేదు.

ముందు ఒక మాట. మావాడి కబుర్లు కావాలంటే సూటిగా అడుగు, మధ్యలో కోడిపిల్లలెందుకు? వాడు స్టవాంగర్‌లోనే ఉన్నాడు, ఆ అమ్మాయితోనే ఉన్నాడు, ఒళ్ళు చేశాడు. అంతకన్నా నాకూ తెలియదు.

రెండో మాట. నాకు కోళ్ళ మీద బెంగ లేదు. కోళ్ళంటే నాకు పరమ అసహ్యం. ఎప్పుడూ అంతే. ఆ వాసనా, ఆ తిక్క చూపులూ, చేతినిండా పొడిచిన గాట్లూ. వాటిని వదిలించుకున్న రోజు సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని కాఫీ తాగాను. ఇలాంటి ఉత్తరాలు నాకు రాయకు.

దీపం రాత్రంతా ఉంచు. ఎత్తు సరిపోయిందో లేదో నిన్నెవరూ అడగక్కర్లేదు, పిల్లలే చెబుతాయి. దీపం కిందికొచ్చి ఒకదాన్నొకటి తొక్కుకుంటుంటే చలేస్తోందని, గోడలకి అతుక్కుని నోళ్ళు తెరుచుకుంటే ఉడికిపోతున్నాయని. పెట్టె అంతటా చెదురుగా తిరుగుతుంటే కదపకు. నీళ్ళ గిన్నె వెడల్పుది కాకూడదు, మునిగి చస్తాయి, గులకరాళ్ళు వెయ్యి. ఏదైనా ముక్కు వేలాడేసి నిలబడితే దాని వెనక చూడు, రెట్ట ఎండి మూసుకుపోయి ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళతో తుడువు. అసహ్యంగా ఉంటుంది, అయినా తుడువు. ఓట్స్ సంగతి మానేసి సొసైటీలో పిల్లల దాణా కొనుక్కో.

రైతు మాట నమ్మకు. జేరెన్ పిల్లల్లో పెట్టలకి వీపు మీద నల్లచార ఉంటుంది. పుంజుపిల్ల రంగు వెలిసినట్టుండి నడినెత్తిన తెల్లమచ్చ ఉంటుంది. వెలుతురులో పట్టుకుని చూసి రాయి.

గున్వోర్

●

నేర్బ్యో, మే 17

అత్తయ్యా,

జాతీయ దినం ఊరేగింపు ఇప్పుడే మా కిటికీ ముందునుంచి వెళ్ళింది. బాండు మోతకి పిల్లలు ఏడూ ఒక మూలకి దూరాయి.

నేను కోడిపిల్లల గురించి అడిగితే కోడిపిల్లల గురించే అడిగాను. తోర్లైవ్ ఒళ్ళు చేసినా చిక్కినా నాకు తెలియనక్కర్లేదు. మీరలా రాసినందుకు రెండు రోజులు కోపం వచ్చింది. మూడో రోజు ఒక పిల్ల ముక్కు వేలాడేసింది. మీరు చెప్పినట్టే తుడిచాను. సాయంత్రానికల్లా అది మిగతావాటి కాళ్ళు తొక్కుకుంటూ దాణాకి పరిగెత్తింది. ఇక మీమీద కోపం నిలుపుకోవడం నావల్ల కాలేదు.

తెల్లమచ్చ ఒకదానికుంది. రైతుకి ఈసారి వెనక మెట్టు మెట్టుగా కత్తిరిస్తాను.

ఇక గూడు. సొసైటీ వెనక పారేసిన చెక్కలు తెచ్చుకున్నాను. బయట గాలికి రంపం నిలవడం లేదని బల్ల పక్కకి జరిపి ముందుగదిలోనే మొదలుపెట్టాను. జుట్టు కత్తిరించేటప్పుడు ఎక్కువ తీసేస్తే మళ్ళీ మొలుస్తుంది కదా, చెక్క మొలవదని మొదటిరోజే తెలిసింది. నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టిదయింది. దాన్ని సరిచేయబోతే ఇంకొకటి. చివరికి నాలుగూ పొట్టివే అయ్యాయి గానీ సమానంగా ఉన్నాయి. నాలుగు సాయంత్రాలు కష్టపడి కప్పు కూడా వేశాను. చాలా అందంగా వచ్చింది. కాఫీ కలుపుకుని దాని ఎదురుగా కూర్చుని ఎంతసేపు చూసుకున్నానో.

గుమ్మంలోంచి పట్టలేదు.

అడ్డంగా పెట్టాను, ఏటవాలుగా పెట్టాను. తోర్లైవ్ ఎప్పుడూ అనేవాడు గుర్తుందా, "నీకు గోడకి పటం తగిలించడం కూడా రాదు" అని. ఆ మాట చెవిలో మోగుతుంటే పంతం వచ్చి, గూడుని నడిమికి రెండుగా కోసేశాను. రెండు ముక్కలూ బయటికి తెచ్చి మడతబందులు వేసి కలిపాను. ఇప్పుడది పెట్టెలా రెండువైపులకీ తెరుచుకుంటుంది. చూసినవాళ్ళంతా "కడగడానికి ఎంత వీలుగా చేశావు!" అంటున్నారు. అవునవును, ముందే ఆలోచించుకున్నా అంటున్నాను.

మీ సున్నివ

●

బెర్గెన్, మే 24

సున్నివా,

గుమ్మం దగ్గరి కథ రాగ్నాకి చదివి వినిపించాను. నవ్వీ నవ్వీ దానికి ఎక్కిళ్ళు వచ్చాయి. నేను కూడా కొంచెం నవ్వాను.

మావాడి గురించి రాసిన ముక్క కొట్టేసుకో. ముసలివాళ్ళు ఎవరి ఉత్తరం వచ్చినా అందులో తమ పిల్లల్నే వెతుకుతారు.

గూడు వీపు సముద్రం వైపు, తలుపు తూర్పు వైపు పెట్టు. జేరెన్ గాలి నీకంటే నాకు బాగా తెలుసు, దానికి వీపు తప్ప ఇంకేదీ చూపించకూడదు. పైన కప్పు కింద గాలి ఆడే సందు వదులు. కోడి చలికి చావదు, చెమ్మకి చస్తుంది. నిద్రపోయే కర్ర గుడ్ల పెట్టె కన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే పెట్టెలోనే పడుకుని దాన్ని మరుగుదొడ్డి చేస్తాయి.

జాలీ ఏది కొన్నావు? తేనెపట్టులా ఆరుమూలల కళ్ళున్నదైతే అది కోడిని లోపల ఉంచుతుంది గానీ కోళ్ళని చంపే సన్నపాటి మృగం మింక్‌ని బయట ఉంచదు. నీ బొటనవేలు పట్టిన సందులో మింక్ తల పడుతుంది, తల పట్టాక మిగతాదంతా వచ్చేస్తుంది. అతుకులు పోసిన సన్న జాలీ కావాలి, అంచు మట్టిలోకి పాతాలి. వెంటనే చెయ్యి.

గున్వోర్

●

పోస్టు కార్డు
నేర్బ్యో, జూన్ 18

అత్తయ్యా,

మల్ఫ్రిద్ పోయింది. నిన్న సాయంత్రం. నేను సెలూన్ నుంచి వచ్చేసరికే అంతా అయిపోయింది. ఏడుపు ఆగడం లేదు. తప్పంతా నాదే. వివరంగా తర్వాత రాస్తాను.

సున్నివ

●

బెర్గెన్, జూన్ 22

సున్నివా తల్లీ,

నీ కార్డు చేతిలో పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడిపోయాను. పాలు పొంగిపోయినా చూసుకోలేదు.

తప్పు నాదే అని ఎందుకు రాశావో అర్థం కాలేదు. నీ గుమ్మంలో నీకోసం కాచుకుని ఉండగా గుండెనొప్పి వచ్చిందా? ఏం జరిగినా నీ తప్పెలా అవుతుంది? డెబ్భై దాటిన మనిషి.

నీకు తెలుసో లేదో, మల్ఫ్రిదూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. జడలు ఒకదానికొకటి కట్టుకుని నడిచేవాళ్ళం. ఆ తర్వాత చర్చి సంతలో నా లెఫ్సె రొట్టె తీసి వెలుతురుకి పట్టుకుని, "గున్వోర్, వీటితో చెప్పులు కుట్టుకోవచ్చు, అంత మందంగా ఉన్నాయి" అంది. అందరి ముందూ. ఆరోజు నుంచి నేను దానితో మాట్లాడలేదు. అది రెండుసార్లు పలకరించబోయింది. నేను రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయాను. రొట్టె గురించి, సున్నివా! ఆలుగడ్డల రొట్టె గురించి!

దాని మొగుడు సిగ్‌బ్యోర్న్‌కి నాలుగు పేజీలు రాశాను. దానంత అందంగా పాడేవాళ్ళు మా బళ్ళో లేరనీ, మంచు పడ్డ రోజు నాకు జ్వరం వస్తే నన్ను వీపున మోసుకుని ఇంటికి చేర్చిందనీ, అన్నీ రాశాను. పోస్టు చేసేశాను. నా తరఫున పువ్వులు పెట్టు. తెల్లవి వద్దు, దానికి పసుపంటే ఇష్టం.

నల్ల మేజోళ్ళు కొనుక్కున్నాను. అంత్యక్రియలు ఎప్పుడో రాయి, పడవెక్కి వస్తాను.

గున్వోర్

●

నేర్బ్యో, జూన్ 27

అత్తయ్యా, కూర్చుని చదవండి.

మల్ఫ్రిద్ గారు బతికే ఉన్నారు. పోయింది కోడిపిల్ల.

మీకు ముందే రాయాల్సింది. పిల్లలకి పేర్లు పెట్టాను, సెలూన్‌కి వచ్చేవాళ్ళ పేర్లే. మెడ చాచి నడిచే దానికి మల్ఫ్రిద్ అని పెడితే ఆవిడ మురిసిపోయి, "నాదెలా ఉంది?" అని వచ్చినప్పుడల్లా అడిగేవారు. మిగతా వాళ్ళు తమ పేరు పెట్టలేదని అలిగారు. మీకు కార్డు రాసేటప్పుడు నా తల నిండా ఆ పిల్లే ఉంది. లోకానికంతా తెలుసన్నట్టు రాసేశాను.

తప్పు నాదే అన్నది ఎందుకంటే, మీరు వద్దన్న జాలీయే నేను అప్పటికే కొని పెట్టాను. మార్చాలి, మార్చాలి అనుకుంటూనే నెల గడిపేశాను. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి నల్లగా, పొడుగ్గా, తడిసిన తోలుముక్కలాంటిది మల్ఫ్రిద్‌ని మెడ పట్టుకుని జాలీలోంచి బయటికి లాగుతోంది. చీపురుతో బాదాను. వదిలి పారిపోయింది గానీ పిల్ల అప్పటికే లేదు. మిగతా ఆరూ పైకర్ర మీద ఒకదాన్నొకటి హత్తుకుని ఉన్నాయి.

ఇక నిన్న. సెలూన్ నిండా జనం. తలుపు తోసుకుని మల్ఫ్రిద్ గారు వచ్చారు, చేతిలో మీ ఉత్తరం. "సున్నివా, నేను ఎప్పుడు పోయానో కాస్త చెబుతావా? గున్వోర్‌కి తెలుసట, నాకే తెలియలేదు" అన్నారు. విషయం అర్థమయ్యాక నా మొహం నేలకేసి కొట్టుకోవాలనిపించింది. ఆవిడ మాత్రం డ్రయ్యర్ కింద కూర్చుని ఉత్తరం నాకిచ్చి, "గట్టిగా చదువు, అందరూ విననీ" అన్నారు. చదివాను. మంచులో మిమ్మల్ని మోసిన దగ్గర ఆవిడ చేతిరుమాలు తీశారు. తర్వాత, "బతికుండగా ఇలాంటి మాటలు వినడం ఎంతమందికి దొరుకుతుందే?" అన్నారు.

సాయంత్రం సిగ్‌బ్యోర్న్ గారు ట్రాక్టర్ మీద సన్న జాలీ చుట్ట తెచ్చారు. ముగ్గురం కలిసి పాత జాలీ అంతా ఊడదీసి, కొత్తది బిగించి, అంచు మట్టిలో పాతాం. మల్ఫ్రిద్ గారు పిల్లని పాతిన చోట పసుపు పువ్వులు పెట్టారు, "నా సమాధి కదా, నేను పెట్టకపోతే ఎవరు పెడతారు" అంటూ.

వెళ్ళేముందు మీకో మాట చెప్పమన్నారు. లెఫ్సెలు నిజంగానే మందంగా ఉన్నాయట.

క్షమించండి.
సున్నివ

●

బెర్గెన్, జూలై 3

ఓసి పిచ్చిదానా,

మనుషుల పేర్లు కోళ్ళకి పెట్టేవాళ్ళని నా జన్మలో చూడలేదు. నేను మూడు రాత్రులు ఏడ్చాను. రాగ్నా డాక్టర్‌కి ఫోన్ చేస్తానంది. నల్ల మేజోళ్ళు షాపువాడు వెనక్కి తీసుకోలేదు, ఒకసారి వేసుకున్నానట. వేసుకోనా మరి, సరిపోతాయో లేదో చూడద్దూ?

నీ ఉత్తరం చదివి మంచం మీద కూలబడి ఏడ్చాను. అది వేరే ఏడుపు, దాని గురించి అడక్కు.

మల్ఫ్రిద్ నాకు విడిగా ఉత్తరం రాసింది. ఏం రాసిందో నీకు చెప్పను.

జాలీ సంగతి. నేను కోళ్ళు పెంచిన మొదటి ఏడాది ఒక్క మింక్ పద్నాలుగు కోళ్ళని చంపి వరసగా పేర్చి పోయింది. నీకు ఒకటి పోయింది, ఆరు మిగిలాయి. మొదటిసారికి చాలా నయం. ఇక ఏడవకు.

నా పేరు దేనికైనా పెట్టావా? పెట్టకపోతే ఎందుకు పెట్టలేదు?

గున్వోర్

●

నేర్బ్యో, సెప్టెంబరు 13

అత్తయ్యా,

మీ పేరు పెట్టాను. చెప్పడానికి భయపడ్డాను. బాగా ముదురు ఈకలది, అందరికంటే ముందు తింటుంది, వరస తప్పినవాళ్ళని పొడుస్తుంది. గాలి వీచిన రోజు మిగతావన్నీ లోపల ముడుచుకుంటే ఇదొక్కతే బయట నిలబడి గాలిని తిడుతుంది. మూడు రోజుల నుంచి గుడ్ల పెట్టెలోకి దూరి గడ్డి అంతా తవ్వి పోసి, ఏమీ పెట్టకుండా బయటికి వస్తోంది.

ఇప్పుడు రెండు సహాయాలు అడుగుతున్నాను. సెప్టెంబరు చివర నన్ను ఓస్లో శిక్షణకి పంపుతున్నారు, కొత్త రంగులూ అవీ నేర్పుతారట. రెండు వారాలు. ఆ రెండు వారాలూ మీరు మా ఇంట్లో ఉంటారా? మెట్లు లేవు. మల్ఫ్రిద్ గారు రోజూ వస్తానంటున్నారు.

రెండోది పుంజు. దానికి పేరు పెట్టలేదు, తెల్లమచ్చ చూసిన రోజునే పెట్టకూడదని అనుకున్నాను. నాలుగింటికే కూస్తోంది. పక్కింటాయన మంచివాడు, ఇన్నాళ్ళు ఓర్చుకున్నాడు, మొన్న మాత్రం కళ్ళు ఎర్రగా చేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. పైగా అది పెట్టల వీపులు పీకుతోంది. ఏం చెయ్యాలో నాకు తెలుసు. రెండుసార్లు పట్టుకున్నాను, రెండుసార్లూ దాణా పెట్టి వదిలేశాను. నేను లేనప్పుడు మీరు...

వాక్యం పూర్తి చేయలేకపోతున్నాను.

మీ సున్నివ

●

నేర్బ్యో, అక్టోబరు 6

సున్నివా,

ఓస్లోలో తిండి ఎలా ఉంది? రంగులు నేర్చుకున్నావు సరే, నామీద మాత్రం ప్రయోగం చెయ్యకు.

పుంజు పని మొదటి శనివారమే పూర్తి చేశాను. పొద్దున్నే, చప్పుడు లేకుండా, మిగతావి చూడకుండా. దానికి తెలిసే లోపే అయిపోయింది. నీకు బాధగా ఉంటుంది, ఉండాలి కూడా. చక్కగా సూపు పెట్టాను. నీ వాటా డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో ఉంచాను, వెనక వరసలో. ఎప్పుడు తినాలనిపిస్తే అప్పుడు తిను. పక్కింటాయనకి ఒక గిన్నె ఇస్తే గుమ్మంలోనే నిలబడి తాగేశాడు.

మల్ఫ్రిద్ రోజూ వస్తోంది. రోజూ లెఫ్సెల గురించి పోట్లాడుకుంటున్నాం. నిన్న ఇద్దరం కలిసి నీ పొయ్యి మీద చేశాం. అదే పిండి, అదే పెనం. దానివీ మందంగానే వచ్చాయి. పెనం మంచిది కాదంది.

తోర్లైవ్ వచ్చాడు. నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నాను. నన్ను చూడటానికి ఆదివారం వచ్చి సూపు తాగి పెరట్లోకి వెళ్ళాడు. గూడు చుట్టూ తిరిగాడు. తలుపు ఊపి చూశాడు, కింద వంగి కాళ్ళు చూశాడు, నడిమిన తెరిచి మూశాడు. "ఎవరు కట్టారు?" అన్నాడు. "ఇంకెవరు, సున్నివే" అన్నాను. "ఒక్కతేనా?" అన్నాడు. "ఒక్కతే" అన్నాను. మావాడి కళ్ళు నాకు తెలుసు, వంక కోసం వెతికాయి. దొరకలేదు. లోపలికొచ్చి ఇంకో గిన్నె సూపు అడిగాడు. వాడు నా కొడుకు, వాణ్ణి నేనేమీ అనను. కానీ వాడు వెళ్ళాక మళ్ళీ పెరట్లోకి వెళ్ళి ఆ తలుపు నేను కూడా ఓసారి ఊపి చూశాను. గాలి బాగా ఉన్న రోజది. కొంచెం కూడా కదల్లేదు.

ఇప్పుడొక సంగతి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టు.

శుక్రవారం పొద్దున నా పేరుది గుడ్డు పెట్టింది. అదే మొదటిది. ఊరంతా వినేలా అరిచింది. వెళ్ళి చూస్తే గడ్డిలో తెల్లగా, చిన్నగా, ఇంకా వెచ్చగా ఉంది. పగుల్లేదు.

నేను తినేశాను.

నువ్వు ఐదు నెలలుగా ఎదురుచూస్తున్న గుడ్డు అని తెలుసు. నీకోసం దాచాలనే లోపలికి తెచ్చాను. బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను.

నేను కోడలిగా వచ్చిన మర్నాడే మా అత్తగారు గుడ్ల బుట్ట నా చేతికిచ్చింది. మంచి గుడ్లు అమ్మకానికి, చిట్లినవి ఇంటికి. చిట్లినవాటిలో మగవాళ్ళకి పోయి, పిల్లలకి పోయి, మిగిలితే నాకు. ఆవిడ పోయాక నన్ను ఆపేవాళ్ళెవరూ లేరు. అయినా నేను అలాగే చేశాను. చెయ్యి అలా అలవాటు పడిపోయింది. నలభై ఏళ్ళు రోజూ బుట్టలకొద్దీ ఏరాను సున్నివా, చిట్లని గుడ్డు ఒకటి నాకోసం ఉడకబెట్టుకుందామని ఒక్కరోజు కూడా తోచలేదు. ఎవరో వద్దన్నారని కాదు. తోచలేదు, అంతే.

ఆ పొద్దున తోచింది. చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టి ఉడకబెట్టాను. నీ మెట్టు మీద కూర్చుని, ఉప్పు చల్లుకుని, చెంచాతో కొంచెం కొంచెంగా తిన్నాను. మల్ఫ్రిద్ గేటు దాకా వచ్చి, నా మొహం చూసి, ఏమనుకుందో ఏమో, వెనక్కి వెళ్ళిపోయింది. జన్మలో మొదటిసారి ఊరుకుంది.

కోళ్ళంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. గుడ్డు మాత్రం బాగుంది.

నిన్న రెండోది పెట్టింది. దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. నువ్వొచ్చే వేళకి నీళ్ళు మరుగుతూ ఉంటాయి. సంచీ గుమ్మంలోనే పడేసి, కబుర్లన్నీ తర్వాతకి ఉంచి, ముందు అది తిను. ఎవరికీ పంచకు, నాకు కూడా. నువ్వు తిన్నంతసేపూ నేను పెరట్లో ఉంటాను.

మీ అత్తయ్య
గున్వోర్